పడవంతా మనదే... పూచీ ఎవరిది?

పోయిన దసరాకి తిరువూరు వెళ్ళినప్పటి సంగతి ఇది. మధ్యాహ్నం భోజనాలయ్యాక వరండాలో కూర్చుని కబుర్లు చెప్పుకుంటుంటే మా బాబాయి కొడుకు ఫోను పట్టుకుని వచ్చాడు. "అన్నయ్యా, ఈసారి కార్తీక వనభోజనాలు మామిడితోటలో వద్దు, ప్రతి ఏడూ అదే. పడవ మాట్లాడదాం. పడవంతా మనదే, బయటివాళ్ళెవరూ ఉండరు. పైన డీజే, కింద భోజనాలు" అన్నాడు. ఫోటోలు కూడా చూపించాడు. రంగురంగుల లైట్లు, బెలూన్లు, ఎవరిదో పుట్టినరోజు కేకు. బాగానే వుంది. "నువ్వు సాఫ్ట్‌వేరు కదా, అడ్వాన్సు కొట్టెయ్" అని నంబరు ఇచ్చాడు. ఇలాంటి విషయాల్లో మన ఉద్యోగం ఎంత గొప్పదో చుట్టాలకి వెంటనే గుర్తొస్తుంది :)

సరే, డబ్బులు పంపే ముందు ఒకసారి మాట్లాడదామని ఫోన్ చేశాను.

"మీ పడవలో ఎంతమంది పడతారండీ?"

"మీరెంతమంది సార్?"

"ముప్పై దాకా ఉంటాం."

"పడతారు సార్. హ్యాపీగా పడతారు."

నాకెందుకో అనుమానం వచ్చి, "ఇంకో పదిమంది చుట్టాలు కూడా రావచ్చు" అన్నాను. "పర్లేదు సార్, అడ్జస్ట్ చేద్దాం, పిల్లలే కదా" అన్నాడు. వచ్చేది పిల్లలని నేనెక్కడా చెప్పలేదు.

"పడతారు" అన్న మాటకి మన భాషలో రెండర్థాలున్నాయి. నాకు ఆ క్షణంలో రెండోదే వినిపించింది. అడ్వాన్సు పంపలేదు.

మా తిరువూరికి చెప్పుకోదగ్గ నది లేదు. వానాకాలంలో పొంగి దారులు మూసేసే కట్టలేరు వుందిగానీ, అది షికారు చేసే ఏరు కాదు. కానీ మా ఊరు మీదుగా వెళ్ళే హైవే (మా చిన్నప్పుడు 221, ఇప్పుడు 30) పట్టుకుని ఒకవైపు మైలవరం మీదుగా గంటన్నర వెళ్తే ఇబ్రహీంపట్నంలో కృష్ణ, రెండోవైపు కొత్తగూడెం మీదుగా వెళ్తే భద్రాచలంలో గోదారి. అందుకని పడవ షికారంటే మాకు రెండు దారులు. ఆ రెండు దారుల చివరా ఒక్కో పీడకల కూడా వుంది.

2017 నవంబర్ 12, కార్తీక మాసం ఆదివారం. ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర, పట్టిసీమ నుంచి వచ్చే గోదావరి నీళ్ళు కృష్ణలో కలిసే పవిత్ర సంగమం వద్ద, హారతి చూడ్డానికి వెళ్తున్న ఒక ప్రైవేట్ పడవ తిరగబడి ఇరవై మందికి పైగా చనిపోయారు. చాలామంది ఒంగోలు నుంచి కలిసి విహారానికి వచ్చినవాళ్ళు. ఆ పడవకి అసలు అనుమతే లేదని తరవాత తేలింది. మేం విజయవాడ బస్సెక్కిన ప్రతిసారీ దాటే ఊరు అది.

రెండోది 2019 సెప్టెంబర్ 15, పాపికొండలు వెళ్తున్న రాయల్ వశిష్ఠ, కచ్చులూరు దగ్గర. గోదారి వరద మీదున్న రోజు. డెబ్బై మందికి పైగా ఎక్కితే, ఒడ్డునున్న గిరిజన గ్రామాలవాళ్ళు తమ చిన్న పడవలతో వచ్చి కొందరిని బయటకి లాగారు. యాభై మంది దాకా పోయారు. కాకినాడ ధర్మాడి సత్యం బృందం అక్టోబర్ 22న ఆ బోటుని నీళ్ళలోంచి బయటకి తీసేదాకా ఎన్నో ఇళ్ళు శవం కోసం ఎదురుచూస్తూనే ఉన్నాయి.

ఇవన్నీ మీకూ తెలిసినవే. మరి ఇప్పుడెందుకు తవ్వుతున్నానంటే, ఆ తరవాత పడవ షికారు తీరే మారిపోయింది. ఆ మార్పు గురించి ఎవరూ పెద్దగా మాట్లాడుతున్నట్టు లేదు.

మన తరానికి పడవ ప్రయాణం అంటే ముందు సినిమానే. పెద్దవాళ్ళకి 1973లో బాపు తీసిన అందాల రాముడు, మనకి 2006లో శేఖర్ కమ్ముల గోదావరి. రెండింట్లోనూ గోదారి మీద భద్రాచలం ప్రయాణమే. ఆ ఊపులో మనలో ఎంతమందిమి రాజమండ్రి రైలెక్కి పాపికొండలు చూసొచ్చామో లెక్కలేదు. అప్పటి పద్ధతి ఏంటంటే కౌంటరు దగ్గర తలకో టికెట్టు, మనిషికో కుర్చీ, టిఫిను, పేరంటాలపల్లి దగ్గర ఒక స్టాపు, సాయంత్రం వెనక్కి. మరీ సరదా వున్నవాళ్ళు కొల్లూరు వెదురు గుడిసెల్లో ఒక రాత్రి వుండేవాళ్ళు.

తరవాత కేరళ గాలి సోకింది. అక్కడ బియ్యం మోసే కెట్టువళ్ళం పడవల్ని 1990లలో హౌస్‌బోట్లుగా మార్చారు. మన టీం అవుటింగులన్నీ కొన్నాళ్ళు అలెప్పీ చుట్టూనే తిరిగాయి. కోనసీమ దిండిలోనూ హౌస్‌బోట్లు వచ్చాయి. ఇప్పుడు ఏ చెరువు దగ్గరికెళ్ళినా పెడల్ బోటు, కయాక్, స్పీడుబోటు. వీటన్నిటికంటే ఎక్కువగా నాకు కనిపిస్తున్నది మా తమ్ముడు చెప్పిన పద్ధతి, అంటే పడవ మొత్తాన్ని గంటల లెక్కన అద్దెకి తీసుకోవడం. పుట్టినరోజులకి, పెళ్ళికి ముందు ఫోటోలకి, ఆఫీసు పార్టీలకి. బయటి దేశాల్లో అయితే కార్లకి టూరో వున్నట్టు పడవలకి గెట్‌మైబోట్, బోట్‌సెటర్ లాంటివి ఎప్పుడో వచ్చేశాయి. మన దగ్గర ప్రస్తుతానికి ఆ పని ఇన్‌స్టాగ్రాం పేజీ, వాట్సాప్ నంబరు, యూపీఐ కలిసి చేస్తున్నాయి.

ఇందులో తప్పేముంది అంటారా? సరదాలో తప్పేం లేదు. తేడా అంతా లెక్కలో వుంది.

టికెట్టు పద్ధతిలో తలకింత. ఎన్ని టికెట్లు కోస్తే అంతమంది. లెక్క తప్పితే అది కౌంటరులో కూర్చున్నవాడి తప్పు, పడవ యజమాని ఆశ. మొత్తం పడవ అద్దెకి తీసుకున్నప్పుడు ఏమవుతుందో చూడండి. అద్దె 12 వేలు అనుకుందాం. ఇరవై మంది అయితే తలకి 600. ముప్పై మంది అయితే 400. నలభై మంది అయితే 300. అంటే మనిషిని పెంచేకొద్దీ మనకే చవక! ఎక్కువమందిని ఎక్కించాలన్న ఆశ పడవవాడి దగ్గర్నుంచి మన చేతికి వచ్చేసింది. పడవవాడికి ముప్పై అయినా నలభై అయినా అదే 12 వేలు, అదనంగా వచ్చేది లేదు. కానీ వద్దంటే బేరం పోతుంది. అందుకే "మీరెంతమంది సార్?" అని ముందు మనల్నే అడుగుతాడు. లెక్కపెట్టాల్సిన అవసరం ఇద్దరిలో ఎవరికీ లేదు.

ఇంకో సంగతి. నిజాయితీగా "నా పడవకి ఇరవై అయిదు మందికే పర్మిషన్, ఇరవై ఆరో మనిషిని ఎక్కించను" అనేవాడు కూడా ఎక్కడో వుంటాడు. మనం ఏం చేస్తాం? "వీడికి పొగరు" అనుకుని రెండో నంబరుకి ఫోన్ చేస్తాం. పడవ షికారు ఏడాది పొడవునా సాగే వ్యాపారం కాదు. వరద రోజుల్లో కట్టేసుకోవాలి, ఏదైనా ప్రమాదం జరిగితే నెలల తరబడి అన్నీ ఆపేస్తారు. కార్తీకం, సంక్రాంతి, వేసవి సెలవులు, ఇంతే. ఆ నాలుగు రోజుల్లో మూడు బేరాలు పోతే వచ్చే ఏడాది ఆ నిజాయితీపరుడు కూడా "పడతారు సార్" అనడం నేర్చుకుంటాడు. నేర్పింది మనమే.

నేను ఆన్‌సైట్‌లో వుండగా జరిగిన ఒక చిన్న విషయం చెప్తాను. లాంగ్ వీకెండ్‌కి స్నేహితులం తొమ్మిది మందిమి కలిసి ఒక లేక్ దగ్గర పాంటూన్ బోటు అద్దెకి తీసుకున్నాం. తీరా వెళ్తే ఆ బోటుకి కొట్టిన రేకు మీద ఎనిమిది మంది అని వుంది. అక్కడున్న కాలేజీ కుర్రాడు ఆ రేకు చూపించి తొమ్మిదో మనిషి కుదరదన్నాడు. మనవాళ్ళు ఊరుకుంటారా? "పాప సన్నగా వుంటుంది", "ఎక్స్‌ట్రా ఇస్తాం", అన్నీ అయ్యాయి. కుర్రాడు నవ్వుతూనే తల అడ్డంగా వూపాడు. చివరికి వంతులవారీగా ఒక్కొక్కరం ఒడ్డున కూర్చున్నాం. ఆరోజు నాక్కూడా చిరాకే వచ్చింది. ఇప్పుడు తల్చుకుంటే, ఆ కుర్రాడికి మాతో వాదించాల్సిన పనే లేదు. రేకు చెప్పింది, అంతే. అమెరికాలో ఇరవై అడుగుల లోపు మామూలు మోటారు పడవలన్నిటికీ ఎంతమంది, ఎంత బరువు అని ఆ రేకు తప్పనిసరి. లెక్క చెప్పేది మనిషి కాదు, పడవ.

అలాగని అక్కడేదో స్వర్గం అని కాదు. అక్కడి కోస్ట్ గార్డ్ ప్రతి ఏటా ఇచ్చే లెక్కల్లో, పడవ ప్రమాదాల్లో నీళ్ళలో మునిగి పోయినవాళ్ళలో ఎనభై శాతానికి పైన లైఫ్ జాకెట్ వేసుకోనివాళ్ళే. పడవలో జాకెట్ వుండటం వేరు, ఒంటి మీద వుండటం వేరు. తిరగబడ్డాక వెతుక్కుని తొడుక్కునే టైము ఎవరికీ వుండదు. ఒకసారి పడవ ఒరగడం మొదలైతే అంతా క్షణాల్లో అయిపోతుంది.

మన దేశంలోనే ఇంకో మూడు ఉదాహరణలు చూడండి. 2009 సెప్టెంబర్ 30న తేక్కడిలో జలకన్యక అనే రెండంతస్తుల బోటు తిరగబడి 45 మంది చనిపోయారు. ఒడ్డున జంతువులు కనబడ్డాయని పైనున్న జనం ఒక్కసారిగా ఒకవైపుకి జరిగారు. గమనించండి, అది ప్రభుత్వ టూరిజం సంస్థ బోటు. కాబట్టి "గవర్నమెంటుదైతే చాలు" అన్న ధీమా కూడా పనికిరాదు. 2023 మే 7న కేరళలోనే తానూరులో చేపల పడవని మార్చి చేసిన షికారు పడవ, మోయలేనంత మందితో వెళ్ళి 22 మందిని పొట్టన పెట్టుకుంది. 2024 జనవరి 18న వడోదర హర్ణి చెరువులో స్కూలు పిల్లలు పన్నెండు మంది, టీచర్లు ఇద్దరు పోయారు. "చెరువే కదా, నది కాదు కదా" అనేవాళ్ళకి ఇది చాలు. డీజే పెట్టుకుని పై అంతస్తులో ముప్పై మంది ఒకేసారి గెంతితే ఏమవుతుందో తెలుసుకోడానికి ఇంజినీరింగ్ చదవక్కర్లేదు. బరువు పైకి పోయేకొద్దీ పడవకి నిలకడ తగ్గుతుంది, ఆ బరువు కదులుతుంటే ఇంకా తగ్గుతుంది.

"మరి రేటింగులు చూసుకుని బుక్ చేస్తాం కదా" అన్నాడు మా తమ్ముడు. వాడు చూపించిన పేజీలో అన్నీ అయిదు స్టార్లే. భోజనం బావుంది, మ్యూజిక్ బావుంది, అన్న చాలా ఫ్రెండ్లీ. వందసార్లు కెపాసిటీకి మించి ఎక్కించుకుని క్షేమంగా తిరిగొచ్చిన పడవకి వంద అయిదు స్టార్లు వస్తాయి. స్టార్లు ఇచ్చేది ఒడ్డుకి తిరిగొచ్చినవాళ్ళే. మన భాషలో చెప్పాలంటే, లోడ్ టెస్ట్ చేయకుండా "ప్రొడక్షన్‌లో ఇప్పటిదాకా పడిపోలేదు కదా" అని సర్టిఫికెట్ ఇవ్వడం లాంటిది. మన సర్వరు పడిపోతే రీస్టార్ట్ చేస్తాం. అక్కడ ఆ బటన్ లేదు.

చట్టం లేదా అంటే వుంది. 1917 నాటి పాత చట్టం తీసేసి 2021లో కొత్త ఇన్‌లాండ్ వెసల్స్ చట్టం తెచ్చారు. మర పడవలకి రిజిస్ట్రేషను, సర్వే, ఇన్సూరెన్సు, దేశమంతటికీ ఒకే డేటాబేస్ అన్నారు. కచ్చులూరు తరవాత మన రాష్ట్రంలో 2020లో తొమ్మిది చోట్ల కంట్రోల్ రూములు పెట్టారు. ప్రయాణికుల లెక్క, ఆరోజు నది పరిస్థితి చూసి బయల్దేరనివ్వాలన్నది ఉద్దేశం. మంచిదే. కానీ కంట్రోల్ రూము వున్న రేవు నుంచి బయల్దేరితే కదా అది చూసేది! వాట్సాప్‌లో లొకేషన్ పంపించి "ఇక్కడికి వచ్చెయ్యండి సార్, రష్ వుండదు" అనే చోట ఏముంటుంది?

2024 సెప్టెంబర్ వరదల్లో ప్రకాశం బ్యారేజీ గేట్లకి పడవలు కొట్టుకొచ్చి గుద్దుకున్నది గుర్తుందిగా. అవి షికారు పడవలు కావు, నిజమే. కానీ అప్పుడు రోజుల తరబడి నడిచిన చర్చ ఏంటి? ఆ పడవలు ఎవరివి అని. మన బండికి నంబరు ప్లేటు లేకపోతే తిరువూరు సెంటర్‌లోనే ఆపి చలానా రాస్తారు. నలభై మందిని మోసే పడవ ఎవరిదో కనుక్కోడానికి దర్యాప్తు కావాలా?

ప్రతి ప్రమాదం తరవాత మనవాళ్ళు చేసే పని అన్ని పడవలూ ఆపెయ్యడం. నాకు అది సరైన మందు అనిపించదు. ఆపమంటే ముందు ఆగేది కాగితాలు సరిగ్గా వున్న పడవే, ఎందుకంటే లిస్టులో పేరున్నది దానిదే. లిస్టులో లేనివాణ్ణి ఎవరు ఆపుతారు? వాడి రేటు ఇంకా పెరుగుతుంది.

అందుకే నా అభిప్రాయం ఇది. మొత్తం పడవ అద్దెకి తీసుకున్నప్పుడు మనం ప్రయాణికులం కాదు, ఆ పూటకి సగం యజమానులం. లెక్క మనదే. అడ్వాన్సు పంపే ముందు మూడు విషయాలు అడగాలి. మొదటిది, మనమెంతమందిమో చెప్పకుండా, పడవ కాగితంలో ఎంతమంది అని రాసుందో అడిగి, ఆ కాగితం ఫోటో పంపమనాలి. రెండోది, ఏ రేవు నుంచి బయల్దేరుతుంది, ఆరోజు బయల్దేరడానికి అనుమతి ఎవరిస్తారు. మూడోది, జాకెట్లు ఎన్ని, పిల్లల సైజువి ఎన్ని. కారు సెల్ఫ్ డ్రైవ్‌కి తీసుకుంటే అయిదు వేల డిపాజిట్ పోతుందని నాలుగు వైపులా గీతలన్నీ వీడియో తీసుకుంటాం. ఇది తీయడానికి రెండు నిమిషాలు మొహమాటం దేనికి?

ఇది చదువుతున్నవాళ్ళలో సగం మంది బుకింగ్ సైట్లూ యాప్‌లూ రాసేవాళ్ళే. మీకో విన్నపం. ఫోటోలు, స్టార్లు, మెనూ వున్న పేజీలో ఇంకో రెండు గడులు చేర్చండి: రిజిస్ట్రేషన్ నంబరు, అనుమతి వున్న సంఖ్య. అవి నింపకపోతే లిస్టింగ్ సేవ్ కాకూడదు. బుక్ చేసేవాడు ఆ సంఖ్యకి మించి కొడితే బటన్ పనిచేయకూడదు. ఇది ఒక పూట పని. ఫోన్ నంబరుకి పది అంకెలు వున్నాయో లేదో చూడ్డానికి ఎన్ని చెక్కులు రాశాం మనం! బస్సు సీటు రెండుసార్లు అమ్ముడుపోకుండా చూసుకోగలిగినవాళ్ళం, పడవకి ఆ మాత్రం చెయ్యలేమా?

ఇంతకీ మా వనభోజనాల సంగతి. నేను ఒప్పుకోలేదని మా తమ్ముడు రెండ్రోజులు మాట్లాడలేదు. "అన్నయ్య పట్నం వెళ్ళి పిరికివాడైపోయాడు" అని పిన్నితో అన్నాడట. చివరికి వంటలూ భోజనాలూ ఎప్పట్లాగే మామిడితోటలో కానిచ్చి, మర్నాడు విజయవాడ పున్నమి ఘాట్ వెళ్ళి, టికెట్లు తీసుకుని, రెండు జట్లుగా భవానీ ద్వీపానికి వెళ్ళొచ్చాం. డీజే లేదు. తలకి కొంచెం ఎక్కువే పడింది. మా అమ్మ పట్టుచీర మీద నారింజ రంగు జాకెట్ వేసుకోమంటే ముందు ససేమిరా అంది, ఫోటోలో బాగోదని. మనవరాలు వేసుకున్నాక తనూ వేసుకుంది. నిజంగానే ఫోటో బాగా రాలేదు. అందరం నారింజ బస్తాల్లా వున్నాం.

ఆ ఫోటోనే ఇప్పుడు మా ఇంటి వాట్సాప్ గ్రూపుకి బొమ్మ. లెక్కపెట్టి చూశాను, ముప్పై ఒక్క మందీ వున్నారు.